ఇల్లు పోయింది సరే, ఏ మాటతో పోయింది?

2024 సెప్టెంబర్ చివరి వారంలో రెవెన్యూ సిబ్బంది హైదరాబాద్‌లో మూసీ నది అభివృద్ధి పథకం కోసం నది వెంట ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో ‘ఆర్‌బీ-ఎక్స్’ (ఆర్‌బీ అంటే రివర్ బెడ్, నదీగర్భం) అని రాసుకుంటూ వెళ్లారు. చాదర్‌ఘాట్ దగ్గరి మూసానగర్, శంకర్‌నగర్ బస్తీల్లో చాలా గోడల మీద ఆ గుర్తు పడింది. సర్వే చైతన్యపురి, కొత్తపేట వైపు పక్కా కాలనీల్లోకి వచ్చేసరికి జనం అడ్డం తిరిగారు. రిజిస్టర్ దస్తావేజు, జీహెచ్‌ఎంసీ అనుమతి పత్రం, బ్యాంకు రుణం కాగితాలు, ఏటా కట్టిన ఆస్తిపన్ను రసీదులు చేతబట్టుకుని రోడ్డెక్కారు.

ఆ గొడవలో ఒకే ఇంటి గురించి నాలుగు రకాల మాటలు వినిపించాయి. అధికారులు నదీగర్భంలోని కట్టడాల తొలగింపు, పునరావాసం అన్నారు. ఇళ్లవాళ్లు మాది పట్టా భూమి, కావాలంటే భూసేకరణ చట్టం కింద తీసుకోండి అన్నారు. దూరం నుంచి చూస్తున్నవాళ్లు కొందరు కబ్జాలు పోవాల్సిందే అన్నారు. పత్రికల్లో స్వాధీనం అన్న మాట కూడా వచ్చింది. వినడానికి దగ్గరగా ఉన్నా ఈ మాటలు ఒకదాని బదులు ఒకటి వాడుకునేవి కావు. ఇంటికి యజమాని ఉన్నాడా, అతని వాదన వినాలా, ఎంత డబ్బు ఇవ్వాలి అనే మూడు ప్రశ్నలకు ఒక్కో మాట ఒక్కో జవాబు ముందే సిద్ధం చేసి పెడుతుంది. ముందు విచారణ జరిగి తర్వాత పేరు పెట్టడం న్యాయం. మన దగ్గర పేరు ముందే పడిపోతోంది. చిక్కంతా అక్కడే ఉంది.

పోగొట్టుకున్నవాళ్ల వాడుక వేరు. ‘రోడ్డులో పోయింది’, ‘ముంపులో పోయింది’, ‘మెట్రోలో దుకాణం పోయింది’ అంటారు. ఆ వాక్యంలో తీసుకున్నవాడు కనిపించడు, పోవడమే కనిపిస్తుంది. తీసుకున్నదెవరు, ఏ అధికారంతో అన్నది చెప్పాల్సిన బాధ్యత అధికార భాషది. అందుకే ఆ భాషలోని తేడాలను ఒకచోట పేర్చి చూడాలి.

దఫ్తరాల నుంచి వచ్చిన మాటలు

జప్తు, కబ్జా, హర్రాజు, పట్టా, పహాణీ. ఆస్తిని తీసుకునే మాటల్లో ఎక్కువ భాగం పాత రెవెన్యూ దఫ్తరం నుంచి వచ్చినవే. వీటిలో అన్నిటికన్నా ఎక్కువ అర్థం మారిపోయింది కబ్జాకే. తెలంగాణ పాత పహాణీల్లో పట్టాదారు ఒక కాలమ్, కబ్జాదారు ఇంకో కాలమ్. కబ్జాదారు అంటే భూమి ఎవరి చేతిలో ఉందో ఆ మనిషి. అందులో తప్పూ లేదు, నేరమూ లేదు. కౌలుదారుకు, ఇనాం భూమి దున్నుకునే రైతుకు, సాదాబైనామాతో (రిజిస్టర్ కాని కాగితంతో) కొనుక్కున్నవాడికి ఆ కాలమే దిక్కు. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదారులు హక్కు అడగగలిగారంటే భూమి తమ చేతిలో ఉందన్నదే ఆధారం.

ఇవాళ అదే మాట పత్రికల్లో దొంగతనంతో సమానం. 2020లో ధరణి భూ రికార్డుల పోర్టల్ వచ్చినప్పుడు కబ్జాదారును చూపే అనుభవదారు కాలమ్‌నే తీసేశారు. పేదవాడికి పనికొచ్చిన అర్థం కాగితం మీద చెరిగిపోయింది, నేరం అనే అర్థం వీధిలో మిగిలింది. భూ రికార్డుల మీద జరిగిన వాదనల్లో దీనికి దక్కాల్సినంత చోటు దక్కలేదు.

ఆక్రమణ కథ వేరే దారిలో నడిచింది. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో దొరల భూములు రైతుల చేతికి వచ్చాయి. పార్టీ చరిత్రల లెక్కలో అది 10 లక్షల ఎకరాలు. పోరాడినవాళ్లు దాన్ని పంపకం అన్నారు, పోగొట్టుకున్నవాళ్లు దోపిడీ అన్నారు. 1970లో సీపీఐ దేశమంతటా నడిపిన ఉద్యమానికి పేరే భూ ఆక్రమణ. జెండా మీద రాసుకోదగిన మాట అది అప్పట్లో. పన్నెండేళ్లకు, 1982లో, ఆంధ్రప్రదేశ్ శాసనసభ భూ ఆక్రమణల నిషేధ చట్టం చేసింది, తర్వాత దానికోసం ప్రత్యేక న్యాయస్థానం వచ్చింది. ఆ చట్టం గురిపెట్టింది పేద కూలీల మీద కాదు. నగరాల చుట్టూ ఖాళీ స్థలాలకు దొంగ కాగితాలు పుట్టించే ముఠాల మీద. అయినా మాట ఒకటే కావడంతో గుడిసె వేసుకున్నవాడూ ముఠా నాయకుడూ ఒకే పేరు కిందికి వచ్చారు.

కోస్తా ప్రాంతంలో జప్తుకు బలమైన జ్ఞాపకం ఉంది. 1864 నాటి మద్రాసు రెవెన్యూ వసూలు చట్టం శిస్తు బకాయికి చరాస్తినీ, భూమినీ పట్టుకోవడానికి అధికారం ఇచ్చింది. 1922లో గుంటూరు జిల్లా పెదనందిపాడు ప్రాంతంలో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వాన పన్నుల నిరాకరణ జరిగినప్పుడు సర్కారు వాడిన ఆయుధం జప్తే. జప్తు శిక్ష కిందికి రాదు, బాకీ రాబట్టుకునే సాధనం మాత్రమే. బాకీ కడితే సామాను తిరిగి రావాలి. ఈ సంగతి మరుగున పడటం వల్లే ఇవాళ్టి వార్తల్లో గందరగోళం పుడుతోంది.

దేని దారి దానిదే

భూసేకరణలో ప్రభుత్వం మొదట ఒప్పుకునే విషయం ఇది మీ భూమే అని. 1894 చట్టం బలవంతాన్ని దాచుకోలేదు, పరిహారంలో మాత్రం పిసినారితనం చూపింది. 2014 జనవరి 1న అమల్లోకి వచ్చిన 2013 చట్టం సామాజిక ప్రభావ అధ్యయనం, మార్కెట్ విలువ మీద నూరు శాతం అదనపు సొమ్ము (సొలేషియం), పునరావాసం చేర్చింది. ప్రైవేటు కంపెనీల కోసమైతే 80 శాతం, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యమైతే 70 శాతం బాధిత కుటుంబాల సమ్మతి ఉండాలంది.

సమీకరణ దీని చెల్లెలిలా కనిపిస్తుంది గానీ దారి వేరు. ఆంధ్రప్రదేశ్ రాజధాని అమరావతి కోసం 29 గ్రామాల రైతులు 33 వేల ఎకరాలకు పైగా ఇచ్చారు. డబ్బు బదులు స్థలాలు వస్తాయన్నారు. మెట్ట ఎకరాకు 1,000 గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం. జరీబు ఎకరాకు 1,000, 450 గజాలు. పదేళ్ల పాటు ఏటా పెరిగే కౌలు, మెట్టకు 30 వేల రూపాయలతో, జరీబుకు 50 వేలతో మొదలు. సేకరణలో రైతు డబ్బు తీసుకుని పక్కకు తప్పుకుంటాడు, సమీకరణలో ప్రాజెక్టు భవిష్యత్తుకు తాకట్టుగా నిలబడతాడు. 2019 డిసెంబర్‌లో మూడు రాజధానుల మాట వచ్చినప్పుడు ఆ తేడా ఎంత పెద్దదో తెలిసింది. డబ్బు తీసుకున్నవాడికి రాజధాని ఎక్కడున్నా ఒకటే, స్థలం రావాల్సినవాడికి సర్వస్వం అదే. 2022 మార్చి 3న హైకోర్టు ప్రభుత్వం మాట నిలబెట్టుకోవాలని తీర్పు చెప్పేనాటికి ఆ రైతులు రెండేళ్లకు పైగా రోడ్ల మీదే ఉన్నారు.

స్వాధీనం అంటే చేతికి తీసుకోవడం, అంతే. హక్కు సంగతి ఆ మాటలో లేదు. దినపత్రికల లోపలి పేజీల్లో బ్యాంకులు వేయించే ‘స్వాధీన ప్రకటన’ చూస్తే ఇది తెలుస్తుంది. 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు గడువు దాటాక బ్యాంకు మొదట నామమాత్రపు స్వాధీనం తీసుకుని తలుపుకు కాగితం అంటిస్తుంది. ఇంట్లో మనుషులు అలాగే ఉంటారు. భౌతిక స్వాధీనానికి అవసరమైతే మేజిస్ట్రేటు సాయం తీసుకుంటుంది. బాకీ మొత్తం కట్టేసి ఇల్లు దక్కించుకునే కిటికీ చట్ట సవరణ తర్వాత ఇరుకైంది, ఇప్పుడది వేలం ప్రకటన వెలువడగానే మూసుకుంటోంది.

ఈడీ కేసుల దగ్గర తెలుగు పత్రికలు చేసే పొరపాటు చిన్నది కాదు. అక్రమ నగదు చలామణీ నిరోధక చట్టంలో మొదటి మెట్టు తాత్కాలిక అటాచ్‌మెంట్. అది 180 రోజులు నిలుస్తుంది, ఆలోపు న్యాయాధికార సంస్థ ఖరారు చేయాలి. ఆస్తి యజమానిదే, అమ్ముకోవడానికి మాత్రం వీల్లేదు. నేరం రుజువయ్యాక కోర్టు ఆదేశంతో ప్రభుత్వపరం కావడం చివరి మెట్టు. ఈ రెండింటికీ శీర్షికల్లో ‘ఆస్తుల జప్తు’ అనే రాస్తున్నారు. కేసు మొదలైన రోజే శిక్ష పడినట్టు చదువరికి తోస్తుంది. అగ్రిగోల్డ్ లాంటి డిపాజిట్ల మోసం కేసుల్లో నష్టం ఇంకా ఎక్కువ. జప్తు అయింది గనక డబ్బు వచ్చేస్తుందని డిపాజిటర్లు ఆశపడ్డారు. అటాచ్ అయిన ఆస్తి అమ్ముడై వాళ్ల చేతికి రావడానికి ఏళ్లు పడుతుందని ఆ మాట చెప్పలేదు.

ఇక ఆక్రమణ తొలగింపు. అది యజమానినే గుర్తించదు. పరిహారం ప్రశ్న పుట్టకముందే ముగిసిపోతుంది.

సీలింగ్ మిగులు: ఎల్బీనగర్ పాఠం

తూర్పు హైదరాబాద్‌కు బాగా తెలిసిన ఇంకో మాట మిగులు భూమి. 1976 పట్టణ భూపరిమితి చట్టం హైదరాబాద్‌లో ఒకరికి 1,000 చదరపు మీటర్లకు మించి ఖాళీ స్థలం ఉండకూడదంది. మించినది ప్రభుత్వంలో నిక్షిప్తం అవుతుంది. కాగితం మీద అలా జరిగిన భూములు నేల మీద మాత్రం ప్లాట్లయి, కాలనీలయి, అమ్ముడుపోయాయి. రిజిస్ట్రేషన్ శాఖ ముద్ర వేసింది, మున్సిపాలిటీ నల్లా ఇచ్చింది. పార్లమెంటు 1999లో ఆ చట్టాన్ని రద్దు చేసింది, ఆంధ్రప్రదేశ్ 2008లో ఆ రద్దును స్వీకరించింది. అప్పుడు తేలాల్సిన ప్రశ్న ఒకటే. కాగితం మీద ప్రభుత్వానిదైన భూమి నిజంగా ప్రభుత్వం చేతికి వచ్చిందా?

2013లో హరిరామ్ కేసులో సుప్రీంకోర్టు దీనికి స్పష్టమైన జవాబిచ్చింది. నిక్షిప్తం కావడం, స్వాధీనం కావడం వేర్వేరు. రద్దు నాటికి భౌతికంగా స్వాధీనం తీసుకోకపోతే ప్రభుత్వం హక్కు చెప్పుకోలేదు. రెండు మాటల మధ్య గీత మీద వేల కుటుంబాల ఇళ్లు నిలబడ్డాయి.

అయినా నిషేధిత జాబితాలో పేరు పడిన కాలనీలకు బాధ తప్పలేదు. ఎల్బీనగర్ ప్రాంతంలోని బీఎన్ రెడ్డి నగర్ పరిసర కాలనీల్లో ఏళ్ల తరబడి రిజిస్ట్రేషన్లు ఆగిపోయాయి. ఇల్లు ఉంటుంది, అమ్మడానికీ లేదు, పిల్లల పేరున రాయడానికీ లేదు, లోనూ రాదు. 2022లో జీవో 118 ద్వారా గజానికి 250 రూపాయలు కట్టించుకుని క్రమబద్ధీకరించే దారి చూపారు. కొనుక్కున్న స్థలానికి మళ్లీ ఎందుకు కట్టాలని కొందరు, ఏదో ఒకటి తేలిందని ఇంకొందరు. ఇక్కడ ఎవరూ ఎవరి భూమినీ తీసుకోలేదు. ఒక జాబితాలో సర్వే నంబరు చేర్చడమే తీసుకున్నంత పని చేసింది. దీనికి తెలుగులో స్థిరమైన పేరు కూడా లేదు.

ఎవరి వాదన ఏమిటి

ఈ చర్చలో ప్రధానంగా నాలుగు ధోరణులు కనిపిస్తాయి.

ఆస్తి కన్నా సమాజం ముందన్నది మొదటి ధోరణి. జాగీర్ల రద్దు, 1951 మొదటి రాజ్యాంగ సవరణ, 1973 భూసంస్కరణల చట్టం దీని మైలురాళ్లు. 1978లో 44వ సవరణ ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల నుంచి తీసి 300-ఏ అధికరణంలో పెట్టింది. తీసుకోవడమే న్యాయం చేయడమైన కాలం అది. ఆ వారసత్వం లేకపోతే తెలంగాణలో లక్షల మంది ఇవాళ్టికీ పాలేర్లుగానే ఉండేవారు. ఈ మాట గట్టిగా చెప్పుకోవాల్సిందే. అయితే అప్పుడు తీసుకున్నది దొర దగ్గర, ఇప్పుడు తీసుకుంటున్నది నూట యాభై గజాల వాడి దగ్గర. పాత న్యాయాన్ని కొత్త చోట యథాతథంగా చెప్పుకోవడం కుదరదు.

యజమాని రక్షణ రెండో ధోరణి. ఇటీవలి తీర్పులు దీనికి ఊపిరి పోశాయి. 2024 మే నెలలో బిమల్ కుమార్ షా కేసులో సుప్రీంకోర్టు 300-ఏ లోపల ఏడు ఉపహక్కులున్నాయంది. నోటీసు, వాదన వినడం, కారణాలతో నిర్ణయం, ప్రజాప్రయోజనం, న్యాయమైన పరిహారం, గడువులోపు సమర్థంగా పూర్తి చేయడం, చివరికి ప్రక్రియను ముగించడం. అదే ఏడాది నవంబర్ 5న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం మెజారిటీ తీర్పులో ప్రతి ప్రైవేటు ఆస్తీ సమాజ వనరు కాదంది.

చెరువు, నది ఎవరి సొత్తూ కావనేది మూడో ధోరణి. 1996లో బియాస్ నది ఒడ్డున ఒక హోటల్ విషయంలో వచ్చిన కమల్‌నాథ్ కేసు తీర్పు దీనికి మూలస్తంభం. ప్రభుత్వం నీటివనరులకు ధర్మకర్త మాత్రమే, వాటిని ఎవరికీ ఇచ్చేసే అధికారం దానికి లేదు. 2020 అక్టోబర్ వరదల్లో సరూర్‌నగర్ చెరువు కింది కాలనీలు మునిగినప్పుడు ఈ వాదన పుస్తకాల్లోంచి వీధిలోకి వచ్చింది. 2024 జూలైలో ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ ఏర్పాటుకు జనామోదం దొరకడానికి ఆ జ్ఞాపకమూ ఒక కారణం. చెరువులు పూడిస్తే మునిగేది పేదవాడి ఇల్లే గనక ఈ వాదనను బిల్డర్ల మీద కోపంగా కొట్టిపారేయకూడదు.

సమ్మతి నాలుగో ధోరణి. కొనుక్కోండి, సమీకరించండి, బలవంతం వద్దు అంటుంది. వినడానికి అన్నిటికన్నా మర్యాదైన దారి. కానీ అమరావతిలో సమీకరణకు ముందుకు రాని పెనుమాక, ఉండవల్లి రైతులకు సేకరణ నోటీసులు వెళ్లాయి. వెనక సేకరణ కర్ర నిలబడి ఉన్నప్పుడు ముందున్న సమ్మతి ఎంతవరకు సమ్మతి అన్నది మిగిలే ప్రశ్న.

హబ్సిగూడ తీర్పు ఎందుకు ముఖ్యం

ఈ నాలుగు ధోరణులూ ఎదురెదురు పడేచోట పాతదే అయినా వాడిగా పనికొచ్చే తీర్పు ఒకటి హైదరాబాద్ నేల మీదే పుట్టింది. హబ్సిగూడలో కొంత భూమి ఉస్మానియా యూనివర్సిటీ కోసం సేకరించిన దానిలో భాగమా కాదా అన్నది వివాదం. ప్రభుత్వం 1905 భూఆక్రమణల చట్టం కింద ఖాళీ చేయించబోయింది. తుమ్మల కృష్ణారావు కేసుగా పేరుపడిన ఆ వ్యవహారంలో 1982లో సుప్రీంకోర్టు ఆపింది. హక్కు మీద నిజాయితీ గల వివాదం ఉన్నప్పుడు ప్రభుత్వం తానే ఆక్రమణ అని తీర్మానించి సంక్షిప్త పద్ధతిలో వెళ్లగొట్టకూడదు, సివిల్ కోర్టుకు వెళ్లి హక్కు తేల్చుకోవాలి.

చైతన్యపురి కాలనీవాళ్ల వాదన న్యాయపరంగా దీనికి దగ్గరగా ఉంది. అనుమతి ఇచ్చింది ప్రభుత్వ సంస్థే, రిజిస్టర్ చేసింది ప్రభుత్వ శాఖే. అలాంటప్పుడు ఆక్రమణ అన్న మాట మొదటి రోజే ఎలా వస్తుంది? ఎదుటి పక్షానికీ ఒక బలమైన జవాబుంది. తప్పుడు అనుమతి నదిని పట్టా భూమిగా మార్చలేదు. రెండూ నిజమే. అందుకే తేల్చాల్సింది రంగు డబ్బా పట్టుకున్న సర్వేయరు కాదు.

2024 నవంబర్ 13 నాటి సుప్రీంకోర్టు బుల్డోజర్ తీర్పు సైతం ఇక్కడ పూర్తి రక్షణ ఇవ్వదు. కూల్చేముందు 15 రోజుల నోటీసు తప్పనిసరి అన్న ఆ తీర్పు రోడ్డు, ఫుట్‌పాత్, నది, నీటివనరుల్లోని అనధికార కట్టడాలకు వర్తించదని కూడా చెప్పింది. మూసీ ఒడ్డున అనుమతి ఉన్న ఇల్లు అనధికారమా? ఆ ఒక్క విశేషణం మీద నోటీసు ఉండటం, లేకపోవడం ఆధారపడింది.

తేలకుండా ఉన్నవి

ఒకే నగరంలో, దాదాపు ఒకే కాలంలో రెండు లెక్కలు నడిచాయి. పాతబస్తీ మెట్రో కోసం తీసుకుంటున్న ఆస్తులకు 2013 చట్టం కింద గజానికి 81 వేల రూపాయలు ప్రకటించారు, 2025 జనవరి నుంచి చెక్కులు ఇచ్చారు. మూసీ బస్తీల నుంచి కదిలిన కుటుంబాలకు మలక్‌పేట పిల్లిగుడిసెలు లాంటి చోట్ల డబుల్ బెడ్‌రూం ఇళ్లు ఇచ్చారు. మొదటిది హక్కుకు చెల్లించిన ధర, రెండోది అవసరానికి చేసిన సాయం. నదీగర్భంలో గుడిసె వేసుకున్న కుటుంబానికి పక్కా ఇల్లు దొరకడం మంచిదే. రిజిస్టర్ దస్తావేజున్న మధ్యతరగతి కుటుంబానికి అదే ఇల్లు చూపితే అది పరిహారం కిందికి రాదు.

బఫర్ జోన్ ప్రశ్న ఇంకా పచ్చిగానే ఉంది. నదీగర్భం వేరు, దాని పక్కన వదలాల్సిన జాగా వేరు. బఫర్‌లో భూమి యజమానిదే, కట్టుకోవడానికి మాత్రం వీల్లేదు. చెరువుల శిఖం పట్టాలదీ ఇదే స్థితి. నీరు తగ్గినప్పుడు సాగు చేసుకోవడానికి ఉన్న హక్కు, ఇల్లు కట్టే హక్కు కాదు. యజమానికి కాగితం మిగిలి వాడకం పోతే అది తీసుకోవడం కిందికి వస్తుందా? బదిలీ చేసుకోదగిన నిర్మాణ హక్కుల పత్రాలు ఇస్తామంటోంది ప్రభుత్వం. అపార్ట్‌మెంట్లు కట్టేవాళ్లకు అవి ఉపయోగం. ఉన్న ఒక్క ఇల్లు పోయినవాడు ఆ పత్రాన్ని బిల్డరుకు అమ్ముకోవాలి, ధర బిల్డరు చెప్పిందే.

అందరికన్నా వెనక ఉండిపోయినవాడు అద్దెదారు. చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్ అంటేనే హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు, కింది అంతస్తులో కర్రీ పాయింట్లు, జిరాక్స్ షాపులు. 2013 చట్టం మూడేళ్లుగా అక్కడే జీవనాధారం ఉన్న అద్దెదారుని, కౌలుదారుని, చేతివృత్తివాణ్ని బాధిత కుటుంబంగా గుర్తిస్తుంది. నేరుగా కొనుగోలు అన్న మాట వాడితే ఆ గుర్తింపు మాయమవుతుందని జహీరాబాద్ నిమ్జ్ (పారిశ్రామిక మండలి) గ్రామాల వ్యవసాయ కూలీలు హైకోర్టుకెక్కారు. అలాంటి కొనుగోలుకు వీలిచ్చిన 2015 నాటి జీవో 123ను 2016 ఆగస్టు 3న సింగిల్ జడ్జి కొట్టేశారు, తర్వాత అది డివిజన్ బెంచ్‌కు వెళ్లింది. కొనుగోలులో కూలీ కనిపించకుండా పోయినట్టే ఆక్రమణ తొలగింపులో అద్దెదారు కనిపించకుండా పోతాడు. ఆ నోటీసు ఇంటి నంబరు మీద పడుతుంది, లోపల ఎవరి బతుకు సాగుతోందో అడగదు. మూసీ పథకానికి ప్రత్యేకంగా పునరావాస నిబంధనలు రాస్తే బాధిత కుటుంబం అంటే ఎవరన్న నిర్వచనం మొదటి పేజీలో ఉండాలి. కొలతలు, రంగు గుర్తులు ఆ తర్వాత రావాలి.